టైమ్ జోన్లు, డేలైట్ సేవింగ్: ప్రోగ్రామ్‌లో తప్పు రాకుండా ఎలా రాయాలి?

ఏటా మార్చి రెండో వారంలో ఒకసారి, నవంబర్ మొదటి వారంలో ఒకసారి నాకు ఒకే ప్రశ్న వస్తుంది. "అన్నా, మొన్నటిదాకా రిమైండర్లు టైముకే వెళ్లాయి. ఈ వారం గంట తేడా వస్తోంది. కోడ్ ఎవరూ ముట్టుకోలేదు. ఏమైంది?" అడిగేది నల్గొండ ఐటీ హబ్‌లో కొత్తగా చేరినవాళ్లు, పాలమూరులో ఇంటి నుంచే అమెరికా క్లయింట్లకు పనిచేసేవాళ్లు, ఇంజినీరింగ్ ఆఖరి ఏడాది ప్రాజెక్టు చేస్తున్నవాళ్లు. ప్రతిసారీ చెప్పే జవాబు ఒకటే కాబట్టి మొత్తం ఇక్కడ రాసిపెడుతున్నాను.

కోడ్ మారలేదన్నది నిజమే. డాలస్‌లో గడియారం మారింది. మన దేశంలో ఏడాది పొడవునా ఒకటే టైం, యూటీసీ (ప్రపంచమంతా లెక్కకు వాడే ప్రామాణిక టైం) కంటే ఐదున్నర గంటలు ముందు. అమెరికాలో ఎక్కువ రాష్ట్రాల్లో మార్చి రెండో ఆదివారం తెల్లవారుజామున 2 గంటలకు గడియారాన్ని 3కి జరుపుతారు. నవంబర్ మొదటి ఆదివారం 2 గంటలకు మళ్లీ వెనక్కి 1కి తెస్తారు. దీన్నే డేలైట్ సేవింగ్ అంటారు. 2007 నుంచి ఈ పద్ధతే నడుస్తోంది. అందుకే డాలస్‌కూ మనకూ తేడా చలికాలంలో 11:30 గంటలు, ఎండాకాలంలో 10:30. యూరప్‌లో ఈ మార్పు మార్చి, అక్టోబర్ నెలల ఆఖరి ఆదివారాల్లో జరుగుతుంది. దుబాయ్, రియాద్‌లలో మనలాగే అసలు మార్పు లేదు. ఇంతకుమించి సిద్ధాంతం అక్కర్లేదు.

మన దగ్గర ఇంకో చిక్కు ఉంది. నల్గొండలో రాసిన ప్రోగ్రామ్‌ను నల్గొండ లాప్‌టాప్‌లోనే టెస్ట్ చేస్తాం. ఆ లాప్‌టాప్ గడియారం ఎప్పుడూ ముందుకూ వెనక్కీ జరగదు. అందువల్ల తప్పు మన కంటపడదు, నేరుగా క్లయింట్ కంట పడుతుంది.

ముందు సిద్ధం చేసుకోవాల్సినవి

- మీ ప్రోగ్రామ్ వాడేవాళ్లు ఏయే ఊళ్లలో ఉన్నారో ఒక జాబితా. "అమెరికా" అని రాసుకుంటే చాలదు, ఊరు పేరు కావాలి.
- ప్రపంచ టైమ్ జోన్ల పట్టిక తెలిసిన లైబ్రరీ. పైథాన్ 3.9 నుంచి జోన్‌ఇన్ఫో భాషలోనే ఉంది. విండోస్‌లో మాత్రం టీజెడ్‌డేటా ప్యాకేజీ కూడా ఇన్‌స్టాల్ చేసుకోండి. జావా 8 నుంచి జావా.టైమ్ ఉంది. పాత జావా క్యాలెండర్ క్లాసుల జోలికి కొత్త కోడ్‌లో వెళ్లకండి.
- డేటాబేస్‌లో కాలమ్ రకాలు చూసే, మార్చే అనుమతి.
- గడియారం మారే తేదీలు. అమెరికాకు 2026లో మార్చి 8, నవంబర్ 1. 2027లో మార్చి 14, నవంబర్ 7. వీటిని కోడ్‌లో రాయకూడదు, టెస్టుల్లో మాత్రం వాడాలి.

1. ఇది ఏ రకం టైమో మొదట తేల్చుకోండి

అన్నిటికంటే ముఖ్యమైన మెట్టు ఇదే, ఎక్కువమంది దాటేసేదీ ఇదే. "అన్నీ యూటీసీలో దాచెయ్యి, సమస్య ఉండదు" అని సీనియర్లు చెబుతారు. అది సగం మాత్రమే నిజం. ప్రోగ్రామ్‌లో టైం అనిపించేవన్నీ మూడు రకాలు.

మొదటిది జరిగిపోయిన క్షణం. డబ్బు కట్టిన క్షణం, లాగిన్ అయిన క్షణం, మెసేజ్ వెళ్లిన క్షణం. ఆ క్షణం ప్రపంచం మొత్తానికీ ఒకటే. దీన్ని యూటీసీలో దాచండి.

రెండోది మనుషులు ముందుగా అనుకున్న టైం. "వచ్చే శనివారం సాయంత్రం 7కి క్లాసు." ఇక్కడ మాట ఇచ్చింది ఒక ఊరి గడియారం ప్రకారం. దీన్ని ఆ ఊరి టైం, ఆ ఊరి జోన్ పేరు, రెండూ కలిపి దాచాలి. యూటీసీ ఒక్కటే దాస్తే ఏమవుతుందో అయిదో మెట్టులో చూద్దాం.

మూడోది వట్టి తేదీ. పుట్టినరోజు, పండగ సెలవు, పరీక్ష తేదీ. దీనికి గంటా లేదు, జోనూ లేదు. తేదీగానే ఉంచండి.

పంచాంగం యాప్ చేసేవాళ్లకు ఇది త్వరగా అర్థమవుతుంది. తిథి ముగిసేది ఒక క్షణం. అదే క్షణం పాలమూరులో సోమవారం ఉదయమైతే డాలస్‌లో ఇంకా ఆదివారం రాత్రే. సూర్యోదయం అలా కాదు, ఏ ఊరిది ఆ ఊరికే లెక్కించాలి. అమెరికాలో ఉన్నవాళ్లకు మన పంచాంగంలోని గంటలనే చూపిస్తే రాహుకాలం తప్పుతుంది. డేలైట్ సేవింగ్ మరచిపోతే ఇంకో గంట తప్పుతుంది.

మీ డేటాబేస్‌లో టైం ఉన్న ప్రతి కాలమ్ పక్కన ఈ మూడింటిలో ఏదో కాగితం మీద రాయండి. రాయలేకపోతే కోడ్ మొదలుపెట్టకండి. ఆ కాలమ్‌లో ఏం వెయ్యాలో ప్రాజెక్టులో ఎవరికీ తెలియదన్నమాట.

2. జోన్‌ను పూర్తి పేరుతో పిలవండి

కోడ్‌లో వాడాల్సినవి ఏషియా/కోల్‌కతా, అమెరికా/షికాగో లాంటి పేర్లు (కోడ్‌లో ఇంగ్లిష్ అక్షరాల్లోనే). ఏ తేదీన ఎంత తేడా అన్న చరిత్ర అంతా ఆ పేరు వెనక ఉన్న పట్టికలో ఉంటుంది. మనవాళ్లకు తరచూ అవసరమయ్యేవి:

- డాలస్, హ్యూస్టన్: అమెరికా/షికాగో
- న్యూజెర్సీ, అట్లాంటా: అమెరికా/న్యూయార్క్
- బే ఏరియా, సియాటెల్: అమెరికా/లాస్ ఏంజెలిస్
- ఫీనిక్స్: అమెరికా/ఫీనిక్స్. అరిజోనాలో చాలా భాగం గడియారం మార్చదు, అందుకే విడి పేరు.
- లండన్: యూరప్/లండన్
- దుబాయ్: ఏషియా/దుబాయ్
- సిడ్నీ: ఆస్ట్రేలియా/సిడ్నీ. అక్కడ అక్టోబర్‌లో ముందుకు, ఏప్రిల్‌లో వెనక్కి. మనం అమెరికాకు అలవాటు పడిన దానికి తలకిందులు.

మూడక్షరాల పొట్టి పేర్లు వాడొద్దు. సీఎస్‌టీ అంటే డాలస్ చలికాలం టైం, చైనా టైం కూడా. ఐఎస్‌టీ అంటే మనది, ఇజ్రాయెల్‌దీ, ఐర్లండ్‌దీ. పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ డిఫాల్ట్ పొట్టిపేర్ల పట్టికలో ఐఎస్‌టీ ఇజ్రాయెల్‌దే, +02:00 (యూటీసీ కంటే రెండు గంటలు ముందు). ఐఎస్‌టీ అని రాసి పంపిన టైం మూడున్నర గంటలు పక్కకు పోయిందంటే ఇదే కారణం.

క్లయింట్ జులైలో "ఉదయం 10 సీఎస్‌టీ" అని మెయిల్ రాస్తే దాన్ని అక్షరాలా తీసుకుని -06:00 పెట్టకండి. జులైలో డాలస్ -05:00లో ఉంటుంది. వాళ్ల ఉద్దేశం "మా గోడ మీద గడియారంలో 10". అనుమానం ఉంటే ఊరు అడగండి. అడగడం తప్పు కాదు, గంట ముందే మీటింగ్‌లో కూర్చోవడం కన్నా నయం.

-06:00 లాంటి అంకెను వాడేవాళ్ల ప్రొఫైల్‌లో దాయడం కూడా అదే తప్పు. అది ఆ రోజు తేడా మాత్రమే, జోన్ కాదు.

3. సర్వర్, డేటాబేస్ సరిచేసుకోండి

సర్వర్ గడియారాన్ని యూటీసీలోనే ఉంచండి. చూడ్డానికి తేలిగ్గా ఉంటుందని దాన్ని మన టైముకి మార్చేవాళ్లు ఉంటారు. రేపు ఇంకో సర్వర్ కలిపితే ఒక లాగ్ మన టైంలో, ఇంకొకటి యూటీసీలో వస్తుంది. ఏది ముందు జరిగిందో తేల్చలేక తల పట్టుకోవాలి.

పోస్ట్‌గ్రెస్‌లో జరిగిన క్షణాలకు టైమ్‌స్టాంప్ విత్ టైమ్ జోన్ వాడండి. పేరులో జోన్ ఉన్నా అది జోన్‌ను దాయదు. ఇచ్చినదాన్ని యూటీసీకి మార్చి పెట్టుకుని, చూపించేటప్పుడు సెషన్ జోన్‌లో (ఆ కనెక్షన్‌కు పెట్టిన జోన్‌లో) చూపిస్తుంది. మైఎస్‌క్యూఎల్‌లో టైమ్‌స్టాంప్ రకం ఇలాగే నడుస్తుంది, డేట్‌టైమ్ రకం మీరిచ్చిన అంకెల్ని ఉన్నవున్నట్టు పెడుతుంది. మైఎస్‌క్యూఎల్ టైమ్‌స్టాంప్ 2038 జనవరి 19 దగ్గర ఆగిపోతుంది కాబట్టి ఇరవై ఏళ్ల లోన్ వాయిదాలు అందులో పెట్టకండి. ఇంకో హెచ్చరిక: మైఎస్‌క్యూఎల్‌లో జోన్ల పట్టికలు లోడ్ చేయకపోతే జోన్ మార్చే కన్వర్ట్_టీజెడ్ ఫంక్షన్ ఏ ఎర్రరూ ఇవ్వకుండా నల్ (ఖాళీ విలువ) ఇస్తుంది. రిపోర్టులో ఖాళీలు కనిపిస్తే మొదట అదే చూడండి.

డేలైట్ సేవింగ్‌తో సంబంధం లేకుండా, మన జిల్లాలోనే దొర్లే తప్పు ఒకటి ఇక్కడ చెప్పాలి. నకిరేకల్ పక్క ఊళ్లో ఒక పాల సేకరణ కేంద్రం ఉందనుకోండి. జూన్ 12 ఉదయం ఒక రైతు 5:10కి పాలు పోశాడు, ఇంకొకరు 5:45కి. క్యాన్ ఒకటే, బండి ఒకటే, రిజిస్టర్‌లో పేజీ ఒకటే. యూటీసీలో మొదటిది జూన్ 11 రాత్రి 23:40, రెండోది జూన్ 12న 00:15. మీ క్వెరీ యూటీసీ తేదీని బట్టి రోజువారీ మొత్తం కడితే ఒకే పూట పాలు రెండు తేదీల కింద విడిపోతాయి. నెల మొత్తం చూస్తే దాదాపు సరిపోతుంది, అందుకే ఎవరూ గమనించరు. ఏ రోజు ఎన్ని లీటర్లు, ఫ్యాట్ ఎంత అని రైతు అడిగినప్పుడు మాత్రం స్లిప్‌కీ స్క్రీన్‌కీ పొంతన ఉండదు. రైతు చేతిలో ఉన్న స్లిప్పే నిజం, మన స్క్రీనే తప్పు.

పరిష్కారం: ముందు టైమును ఏషియా/కోల్‌కతాకు మార్చండి, ఆ తర్వాతే తేదీ తీసి గ్రూప్ చేయండి. ఈ వరుస తిరగబడకూడదు. పోస్ట్‌గ్రెస్‌లో ఎట్ టైమ్ జోన్ వాడేటప్పుడు ఇంకొంచెం జాగ్రత్త. కాలమ్ "విత్ టైమ్ జోన్" రకమైతే ఒక్కసారి వాడితే చాలు. కాలమ్‌లో జోన్ లేకుండా యూటీసీ అంకెలు పెట్టి ఉంటే మొదట యూటీసీ అని, తర్వాత ఏషియా/కోల్‌కతా అని రెండుసార్లు వాడాలి. ఒక్కసారే వాడితే అది ఆ అంకెల్ని మన టైంగా అనుకుని వెనక్కి మారుస్తుంది; రావాల్సిన దానికి పదకొండు గంటలు తేడా వస్తుంది.

4. బ్రౌజర్ నుంచి తేదీ తీసుకునేటప్పుడు

"పుట్టినతేదీ 15 ఇస్తే 14 సేవ్ అవుతోంది" అనే ప్రశ్న డేలైట్ సేవింగ్ ప్రశ్న కంటే ఎక్కువ వస్తుంది. తేదీ ఎంచుకునే డబ్బా ఆగస్టు 15 అర్ధరాత్రి 00:00, మన టైం, అని ఒక డేట్ వస్తువు ఇస్తుంది. దాన్ని ఐఎస్ఓ స్ట్రింగ్‌గా మారిస్తే యూటీసీకి పోయి ఆగస్టు 14, 18:30 అవుతుంది. అందులో మొదటి పది అక్షరాలు కోసి పంపితే 14. టెన్త్ మెమోలో 15, అప్లికేషన్‌లో 14 ఉంటే సర్టిఫికెట్ వెరిఫికేషన్ రోజు ఆ పిల్లలు పడే టెన్షన్ చిన్నది కాదు.

వట్టి తేదీని డేట్ వస్తువుగా మార్చకండి. ఇన్‌పుట్ డబ్బాలోని 2005-08-15 అన్న అక్షరాలనే యథాతథంగా పంపి, డేటాబేస్‌లో డేట్ రకం కాలమ్‌లో పెట్టండి. తిరిగి చూపేటప్పుడూ అంతే. జావాస్క్రిప్ట్ వట్టి తేదీ స్ట్రింగ్‌ను యూటీసీ అర్ధరాత్రిగా చదువుతుంది. మన దగ్గర అది ఉదయం 5:30, తేదీ మారదు కాబట్టి బాగానే ఉన్నట్టుంటుంది. డాలస్‌లో చూసేవాళ్లకు ముందు రోజు సాయంత్రం అవుతుంది.

5. రాబోయే అపాయింట్‌మెంట్లు

మహబూబ్‌నగర్‌లో ఒక టీచర్ డాలస్‌లోని తెలుగు పిల్లలకు వారానికోసారి ఆన్‌లైన్‌లో లెక్కలు చెబుతున్నారనుకుందాం. క్లాసు డాలస్‌లో శనివారం రాత్రి 7కి. చలికాలంలో అది మనకు ఆదివారం ఉదయం 6:30. 2026 మార్చి 7 క్లాసు అలాగే జరుగుతుంది. మార్చి 14 క్లాసుకు డాలస్ గడియారం గంట ముందుకెళ్లి ఉంటుంది. పిల్లలు 7కే కూర్చుంటారు, మనకు అది 5:30.

మీ ప్రోగ్రామ్ మొదటి క్లాసును యూటీసీలో దాచి, ప్రతి వారం దానికి ఏడు రోజులు, అంటే 168 గంటలు కలుపుతూ పోతే, మార్చి 14న రిమైండర్ 6:30 లెక్కనే వెళ్తుంది. టీచర్ లేచి వచ్చేసరికి పిల్లలు గంటసేపు ఎదురుచూసి వెళ్లిపోయి ఉంటారు.

ఇలా చేయండి:

క) ఎవరి గడియారం కదలకూడదో ముందు మనుషుల్ని అడగండి. ప్రోగ్రామర్ తేల్చే విషయం కాదిది. పిల్లల 7 గంటలు కదలకూడదంటే టీచర్ 5:30కి లేవాలి. టీచర్ 6:30 కదలకూడదంటే పిల్లలు రాత్రి 8కి కూర్చోవాలి. రెండూ కుదరవు.

ఖ) కదలకూడని ఊరి టైమును జోన్ లేని మామూలు కాలమ్‌లో, జోన్ పేరును పక్క కాలమ్‌లో పెట్టండి. వారం వారం వచ్చే క్లాసైతే "శనివారం, 19:00, అమెరికా/షికాగో" అన్న నియమాన్నే దాచండి.

గ) రిమైండర్ పంపడానికి, వరుసలో పెట్టడానికి యూటీసీ క్షణం కూడా కావాలి. దాన్ని మూడో కాలమ్‌గా లెక్కగట్టి పెట్టుకోండి. అది ఎప్పుడైనా మళ్లీ లెక్కించుకోగలిగేది మాత్రమే, అసలు మాట మొదటి రెండు కాలమ్‌లది.

ఇంత అవసరమా అని అడిగేవాళ్లకు: గడియారం నియమాలు ప్రభుత్వాలు మారుస్తాయి. మెక్సికో 2022లో చాలా ప్రాంతాల్లో డేలైట్ సేవింగ్ ఎత్తేసింది. ఈజిప్ట్ 2023లో తిరిగి తెచ్చింది. ఎండాకాలం టైమునే శాశ్వతం చేసే బిల్లును అమెరికా సెనేట్ 2022లో ఆమోదించింది, ప్రతినిధుల సభలో అది ముందుకు కదల్లేదు. అలాంటిది ఎప్పుడు చట్టమైనా, జోన్ పేరు దాచినవాళ్లు పట్టిక అప్‌డేట్ చేసి మళ్లీ లెక్కించుకుంటారు. యూటీసీ ఒక్కటే దాచినవాళ్లకు అసలు అనుకున్న గంట ఏదో ఎక్కడా మిగలదు.

ఇక లేని గంట, రెండుసార్లు వచ్చే గంట. డాలస్‌లో 2026 మార్చి 8న 2:30 అనేదే లేదు. జావా దాన్ని అడగకుండానే 3:30 చేస్తుంది. పైథాన్ లేదని చెప్పదు, 2:30 అనే ఉంచుతుంది. పట్టుకునే మార్గం తేలిక: ఆ టైమును యూటీసీకి మార్చి, తిరిగి డాలస్‌కు తెండి. బయల్దేరిన టైమే తిరిగి రాకపోతే అది లేని టైం. వాడేవాళ్లకు చెప్పి ఇంకో టైం ఎంచుకోమనండి.

నవంబర్ 1న 1:30 రెండుసార్లు వస్తుంది. మొదటిది మనకు మధ్యాహ్నం 12:00, రెండోది 1:00. జావా మొదటిదాన్ని తీసుకుంటుంది. పైథాన్‌లో డేట్‌టైమ్‌కు ఉండే ఫోల్డ్ అనే విలువ 0 అయితే మొదటిది, 1 అయితే రెండోది. ట్యూషన్ క్లాసుకు ఏదైనా ఫరవాలేదు. డబ్బు, మందుల డోసు, మెషీన్ లాగ్ అయితే యూటీసీ లేదా ఆఫ్‌సెట్ (యూటీసీతో తేడా, -06:00 లాంటిది) లేకుండా ఆ టైమును తీసుకోకండి.

6. గంటలు కలపడం, తీసేయడం

"24 గంటల తర్వాత", "రేపు ఇదే టైముకి" అన్నవి వేర్వేరు పనులు. గడియారం మారే రోజున మొదటిది 24 గంటలే, రెండోది 23 లేదా 25 గంటలు.

పైథాన్‌లో ఇక్కడ పెద్ద గుంట ఉంది. ఒకే జోన్‌లో ఉన్న రెండు టైములను తీసివేస్తే అది గోడ గడియారం అంకెల్నే తీసివేస్తుంది. డాలస్‌లో ఒక పెట్రోల్ బంకులో అక్టోబర్ 31 రాత్రి 10 నుంచి నవంబర్ 1 ఉదయం 6 వరకు డ్యూటీ చేసిన కుర్రాడికి పైథాన్ 8 గంటలు అంటుంది. అతను నిలబడింది 9 గంటలు. ఆ గంట జీతం అతనికి రావాల్సిందే. కాబట్టి ఎంతసేపు పట్టిందో లెక్కించాలంటే రెండింటినీ ముందు యూటీసీకి మార్చి, ఆ తర్వాత తీసివేయండి. "రేపు ఇదే టైముకి" కావాలంటే మాత్రం ఊరి టైంలోనే రోజు కలపండి.

పాత పైథాన్ ప్రాజెక్టుల్లో పైటీజెడ్ అనే జోన్ల లైబ్రరీ ఉంటుంది. దాని జోన్‌ను డేట్‌టైమ్‌లో టీజెడ్‌ఇన్ఫోగా నేరుగా ఇస్తే ఏషియా/కోల్‌కతాకు +05:53 వస్తుంది. ప్రామాణిక టైం రాకముందు కలకత్తాలో సూర్యుణ్ణి బట్టి నడిచిన టైం అది. (మన దేశపు టైముకు ఆధారమైన 82.5 డిగ్రీల రేఖాంశం కాకినాడ పక్కగా పోతుంది, నల్గొండ దానికి పడమట. మనం సూర్యుణ్ణి బట్టి నడిచి ఉంటే మన గడియారం ఇప్పటికంటే పదమూడు నిమిషాలు వెనక ఉండేది.) పైటీజెడ్‌లో లోకలైజ్ ఫంక్షన్ ద్వారానే జోన్ ఇవ్వాలి. వీలైతే దాన్ని వదిలి జోన్‌ఇన్ఫోకు మారండి. యూటీసీనౌ ఫంక్షన్‌ను కూడా మానండి. అది జోన్ లేని టైం ఇస్తుంది, పైథాన్ 3.12 నుంచి వద్దనే హెచ్చరిస్తోంది. నౌ ఫంక్షన్‌కు యూటీసీ జోన్ ఇచ్చి పిలవండి.

7. క్రాన్ పనులు

చెప్పిన టైముకి సర్వర్‌లో పనులను తనంతట తానే నడిపేది క్రాన్. సర్వర్ యూటీసీలో ఉంటే మన ఉదయం 9కి నడవాల్సిన పనికి 03:30 రాయాలి. ఏడాదంతా అదే, మార్పు లేదు. డాలస్ ఉదయం 8కి వెళ్లాల్సిన రిపోర్టుకు చలికాలంలో 14:00, ఎండాకాలంలో 13:00 కావాలి. ఏడాదికి రెండుసార్లు చేత్తో మారుస్తామని అనుకోకండి, మరచిపోతారు. కొన్ని క్రాన్‌లలో జోన్ పేరు ఇచ్చే సౌకర్యం ఉంది, అన్నిటిలో లేదు. మీ సర్వర్ మాన్యువల్ చూడండి. లేకపోతే పావుగంటకోసారి నడిచే పని పెట్టి, "డాలస్‌లో 8 దాటిందా, ఈరోజు రిపోర్టు ఇంకా వెళ్లలేదా" అని కోడ్‌లో చూసుకోండి. నాకు ఈ రెండో దారే ఇష్టం. సర్వర్ కాసేపు పడి లేచినా రిపోర్టు ఆగదు.

డాలస్ టైం ప్రకారం నడిచే పనులను రాత్రి 1 నుంచి 3 మధ్య పెట్టకండి. మార్చిలో ఒకరోజు అసలు నడవకపోవచ్చు, నవంబర్‌లో ఒకరోజు రెండుసార్లు నడవచ్చు. ఆ పని డబ్బు కోసేదైతే ఏం జరుగుతుందో చెప్పక్కర్లేదు.

8. టెస్ట్ ఎలా చేయాలి

లైనక్స్‌లో టీజెడ్ ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌ను అమెరికా/షికాగోకు పెట్టి మొత్తం టెస్టులు ఒకసారి నడపండి, యూటీసీకి పెట్టి ఇంకోసారి. జావాకు యూజర్.టైమ్‌జోన్ ప్రాపర్టీ ఉంది. క్రోమ్ డెవలపర్ టూల్స్‌లో సెన్సార్స్ ప్యానెల్‌లో ఊరు మార్చి పేజీ చూడవచ్చు. మూడుచోట్లా ఒకే ఫలితం రావాలి. రాకపోతే మీ కోడ్ ఎక్కడో మెషీన్ సొంత జోన్ మీద ఆధారపడుతోంది.

కింది వాటికి మీ ప్రోగ్రామ్ ఏం ఇస్తుందో చూడండి:

- డాలస్ 2026-03-07 19:00 = మనకు 2026-03-08 06:30
- డాలస్ 2026-03-14 19:00 = మనకు 2026-03-15 05:30
- డాలస్ 2026-03-08 02:30 = లేదు అనాలి
- డాలస్ 2026-11-01 01:30 = మనకు 12:00 లేదా 13:00, ఏది తీసుకున్నారో కోడ్‌లో రాసి ఉండాలి
- లండన్ 2026-03-20 10:00 = డాలస్ 05:00, మనకు 15:30. మామూలుగా డాలస్‌లో 04:00 ఉండాలి. అమెరికా మారి యూరప్ మారని మూడు వారాల్లో లెక్క ఇలా ఉంటుంది, మూడు దేశాల మీటింగులు తప్పేది ఇక్కడే.
- ఫీనిక్స్ 09:00 = మనకు 21:30, జనవరిలోనైనా జులైలోనైనా

తప్పు దొరికాక కోడ్ అంతా వెతికే ముందు తేడా ఎంతో చూడండి. చాలాసార్లు ఆ అంకెలోనే కారణం ఉంటుంది. సరిగ్గా 1 గంట అయితే ఎక్కడో ఆఫ్‌సెట్ అంకె గట్టిగా రాసిపెట్టారు. 5:30 అయితే యూటీసీని మన టైం అనుకున్నారు, లేదా మన టైమును యూటీసీ అనుకున్నారు. 11 గంటలైతే మార్చాల్సిన దిక్కుకు ఎదురు దిక్కులో మార్చారు. 23 నిమిషాలైతే పైటీజెడ్. 3:30 అయితే ఐఎస్‌టీ ఇజ్రాయెల్‌కు వెళ్లింది. తేదీ ఒక రోజు వెనక్కి పోతే వట్టి తేదీని అర్ధరాత్రిగా మార్చారు.

9. జోన్ల పట్టికను తాజాగా ఉంచండి

ఈ పట్టికకు ఏటా కొన్నిసార్లు కొత్త కూర్పు వస్తుంది, పేరు 2025బి లాగా సంవత్సరం పక్కన అక్షరంతో ఉంటుంది. లైనక్స్‌లో టీజెడ్‌డేటా ప్యాకేజీ, పైథాన్‌లో అదే పేరున్న ప్యాకేజీ, జావాలో జేడీకే (జావా కిట్)తో పాటు వచ్చేది. ఒక్క సర్వర్‌లోనే మూడు వేర్వేరు కూర్పులు ఉండొచ్చు, అన్నీ చూడండి. డాకర్ ఇమేజ్ (ప్రోగ్రామ్‌ను, దానికి కావాల్సినవాటిని కలిపి కట్టిన మూట) ఏడాది క్రితం కట్టింది అయితే పట్టిక కూడా ఏడాది పాతదే. ఇమేజ్ మళ్లీ కట్టాలి. అప్‌డేట్ అయ్యాక అయిదో మెట్టులోని మూడో కాలమ్‌ను, రాబోయే తేదీలకు మాత్రం, మళ్లీ లెక్కించండి. జరిగిపోయిన క్షణాలను ముట్టుకోకండి.

పాత డేటా ఇప్పటికే తప్పుగా ఉంటే

టేబుల్ మొత్తానికీ ఒకేసారి ఐదున్నర గంటలు కలిపే అప్‌డేట్ క్వెరీ నడపకండి. సాధారణంగా కొన్ని వరుసలే తప్పుగా ఉంటాయి: సర్వర్ మార్చిన రోజు నుంచి ఉన్నవి, లేదా ఒక్క మొబైల్ యాప్ నుంచి వచ్చినవి. టైం బయట ఇంకోచోట నమోదైన సంఘటనలు కొన్ని తీసుకోండి. బ్యాంకు ఎస్ఎంఎస్‌లో ఉన్న టైం, పాల కేంద్రంలో ప్రింటయిన స్లిప్, మీటింగ్ రికార్డింగ్ మొదలైన టైం. వాటితో పోలిస్తే ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా, ఎంత తేడా ఉందో తేలుతుంది. సరిచేసిన విలువను కొత్త కాలమ్‌లో రాయండి, పాతదాన్ని అలాగే ఉంచండి. ఒక నెల రిపోర్టులు రెండు కాలమ్‌లతోనూ తీసి, కాగితం రికార్డుతో కొత్తదే సరిపోతోందని చూసుకున్నాక పాత కాలమ్‌ను వాడుకలోంచి తీసేయండి.